కరెంటు పోతే లేచి నిలబడాలి

మేము కంప్యూటర్ నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్ మూసాపేటలో ఒక ప్లైవుడ్ దుకాణం పైన ఉండేది. కింద చెక్కని కోసేవారు, పైన మమ్మల్ని. చెక్కకి కనీసం ముందు కొలతలు తీసుకునేవారు.

తొంభైల చివర అది. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి తికమక పడతాయని, వాటికి తేదీ గుర్తు చేయడానికి మన పిల్లలే కావాలని ఎవరో చెప్పారు. చెప్పిందెవరో తెలియదు గాని విననివాళ్ళు లేరు. మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల భవనాలు కడుతున్నారు. పేల్చినప్పుడల్లా దుమ్ము లేచి రాయదుర్గం దాకా పరుచుకునేది. ఆ దుమ్ములో మా భవిష్యత్తు ఉందని ఇంట్లోవాళ్ళు నమ్మారు. నేను తెనాలి వైపు నుంచి వచ్చాను. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి కడప జిల్లా నుంచి వచ్చింది. ఇద్దరం లెక్కలు చదివిన డిగ్రీవాళ్ళం. ఆమెకు లెక్కలు వచ్చు కూడా.

ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్కో కంప్యూటర్‌కి ముగ్గురు. మూడు కుర్చీలు. మధ్య కుర్చీ కీబోర్డు ముందు ఉంటుంది గనక అందులో అబ్బాయి కూర్చుంటాడు. అలా ఎవరూ రాసి పెట్టలేదు. సూర్యుడు తూర్పున ఉదయించాలని కూడా ఎవరూ రాసి పెట్టలేదు. అటూ ఇటూ కుర్చీల్లో అమ్మాయిలం కూర్చుని రికార్డు రాసేవాళ్ళం. అమ్మాయిల చేతిరాత బాగుంటుందట. మొదటి వారంలో నేను ఒకసారి మధ్య కుర్చీలో కూర్చున్నాను. మా బల్ల అబ్బాయి, గుంటూరు వైపువాడే, నన్నేమీ అనలేదు. నా వెనక నిలబడి, నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే, ప్రతిసారీ చిన్నగా నిట్టూర్చాడు. పావుగంట నిట్టూర్పులయ్యాక లేచి నా కుర్చీలోకి నేనే వెళ్ళిపోయాను. ఆ అబ్బాయి చాలా మర్యాదస్థుడు.

కడపమ్మాయి మాత్రం మొదటి వారంలోనే ఇంకా పెద్ద పని చేసింది. నిండు క్లాసులో లేచి ప్రశ్న అడిగింది. సేవ్ చేసిన ప్రోగ్రాం ఎక్కడికి పోతుంది, కరెంటు పోయినా అది ఎలా నిలిచి ఉంటుంది అని. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఏడాదంతా ఆ గదిలో ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే. పాఠం చెప్పే సారుకి జవాబు తెలియదని నా అనుమానం. తెలియనప్పుడు ఆయన హాస్యమాడేవారు.

"మీ నాన్నగారి బీరువాలోకి పోతుందమ్మా. ఇంటికెళ్ళి తాళం తీసి చూసుకో."

గది గదంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె పేరు బీరువా. మెట్లెక్కుతుంటే "బీరువా వస్తోంది, దారివ్వండ్రా" అనేవారు. పొట్టి మనిషి, సన్నటి మనిషి, అందుకని హాస్యం ఇంకా బాగా పండింది. ఆ తరవాత ఆమె అబ్బాయిలున్న గదిలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేర్పడంలో మా ఇన్‌స్టిట్యూట్ అంత గట్టిది. ఒక్కసారి చెబితే చాలు, జీవితాంతం ఉండేది.

అడగడం మానేసి ఆమె కాగితం పట్టుకుంది. ప్రోగ్రాం మొత్తం కాగితం మీద రాసేది. పక్కన గడులు గీసి, ప్రతి వరస దగ్గరా ఆగి, ఇప్పుడు ఈ గడిలో ఎంత ఉంటుంది, ఆ గడిలో ఎంత ఉంటుంది అని పెన్సిల్‌తో మార్చుకుంటూ పోయేది. అంటే కంప్యూటర్ చేసే పనిని తనే చేసేది. దీన్ని మేము చేత్తో తిప్పడం అనేవాళ్ళం. చేత్తో తిప్పి, తప్పు లేదని తేలాకే టైపు చేయమని ఇచ్చేది. అలా ఇచ్చిన ప్రోగ్రాం తిరగకపోవడం నేను చూడలేదు. హాస్టల్లో మిఠాయి అట్టడబ్బా మూత మీద కీబోర్డు గీసుకుంది. పడుకోబోయే ముందు దాని మీద వేళ్ళు ఆడించేది. ఆ అట్ట మీద ఆమె వేగం చూస్తే మా గుంటూరు అబ్బాయి నిట్టూర్చడానికి సందు దొరికేది కాదు.

కొన్నాళ్ళకి అబ్బాయిలు ప్రింటు తీసిన కాగితాలు పట్టుకుని ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టారు. మిగతావాళ్ళ ముందు బీరువా అనేవాళ్ళే, ఒంటరిగా వచ్చినప్పుడు "ఏవండీ, ఇది ఎందుకు తిరగట్లేదో కొంచెం చూస్తారా" అనేవారు. ఆమె చూసేది. పెన్సిల్ మొనతో ఒక వరస చూపించేది. వాళ్ళు వెళ్ళి మధ్య కుర్చీలో కూర్చుని ఆ వరస మార్చి, తిరగగానే చప్పట్లు కొట్టుకునేవారు. మా బల్ల అబ్బాయి అయితే రోజూ వచ్చేవాడు. అతనికి తప్పులు ఎక్కువ. మర్యాద కూడా ఎక్కువ.

ఇక కరెంటు సంగతి. ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్కో బల్లకి ఒక్కో లైను. పైన ట్యూబులైట్లు వెలుగుతూనే ఉంటాయి, పక్క బల్లవాళ్ళు టకటకా కొడుతూనే ఉంటారు, మన బల్లకి మాత్రం కరెంటు పోయి తెర నల్లబడుతుంది. ల్యాబు చూసుకునే ఒకాయన ఉండేవాడు, ఇక్కడి మనిషే, పటాన్‌చెరు దగ్గర. మొదటి రోజే మమ్మల్ని నిలబెట్టి నియమం చెప్పాడు.

"కరెంటు పోతే చేతులు తియ్యాలె. లేచి కుర్చీ ఎన్క నిలవడాలె. నేనొచ్చి చెప్పేదాంక ఎవ్వరు ముట్టొద్దు. ఖరాబైతే మీ నాయిన కొనియ్యడు."

అబ్బాయిలు ఈ నియమాన్ని ఒక్క రోజు కూడా పాటించలేదు. కరెంటు పోగానే స్విచ్చులు నొక్కేవారు, వైర్లు ఊపేవారు, డబ్బా మీద చరిచేవారు. ఆయన దూరం నుంచి తిట్టేవాడు, వాళ్ళు నవ్వేవారు. అమ్మాయిలం మాత్రం చేతులు తీసేసి లేచి నిలబడేవాళ్ళం. నిజానికి మా చేతులు అప్పటికే దూరంగానే ఉండేవి. అయినా తీసేవాళ్ళం. ఆయన అప్పుడప్పుడు మమ్మల్ని చూపించి, "ఆడివిల్లలను చూసి నేర్చుకోరి జర" అని అబ్బాయిలకు చెప్పేవాడు. మాకు ఆ గదిలో దొరికిన మెచ్చుకోలు అదొక్కటే కాబట్టి జాగ్రత్తగా దాచుకున్నాం.

అలా ఉండగా మాదాపూర్‌లో కొత్తగా వచ్చిన ఒక కంపెనీ ప్రోగ్రామర్ల కోసం పరీక్ష పెడుతోందని తెలిసింది. కంప్యూటర్ మీదే రాయాలి, కంప్యూటర్ మీదే తిప్పి చూపాలి. అబ్బాయిలకి అది ఎన్నో పరీక్షల్లో ఒకటి. కడపమ్మాయికి అదొక్కటే. వాళ్ళన్నయ్య చందానగర్‌లో ప్లాట్లు అమ్మేవాడు. చెల్లెలంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆయనకి ముందే తెలుసు. ఒక ఆదివారం హాస్టల్ గేటు దగ్గర, స్కూటర్ దిగకుండానే చెప్పాడు.

"ఈ ఒక్క పరీచ్చకు ఊ అంటాండా పాపా. వస్తే ఉద్యోగం చేసుకో, నేను అడ్డం రాను. రాకపోతే మన ఆఫీసులో ఫోనెత్తు. బయటోళ్ళకి ఇచ్చే జీతం నీకే ఇస్తా."

ఆయన మంచివాడు కాబట్టి బేరం ఇంకా కష్టం. చెడ్డవాడైతే కాదనొచ్చు. ఆమె సరేనంది. స్కూటర్ వెళ్ళాక, "ఫోనెత్తే దానికి లెక్కలెందుకు మే చదివిచ్చినారు" అని మాత్రం నాతో అంది. నేను ఏదో హాస్యమాడబోయి మానుకున్నాను. నాకు అలా జరగడం అరుదు.

పరీక్షకి ముందు రోజు సాయంత్రం మా బల్ల అబ్బాయి వచ్చాడు. తేదీల లెక్కే ఇస్తారని అందరూ అనుకుంటున్నారు. పుట్టిన సంవత్సరానికి చివరి రెండంకెలే ఉంటే మనిషి వయసు ఎలా కట్టాలి, రెండువేల తరవాత అది తప్పుగా రాకుండా ఏం చేయాలి అన్నది అతనికి ఎక్కలేదు. ఆమె మెట్ల మీద కూర్చుని కాగితం మీద గడులు గీసి చెప్పింది. అతనికి అర్థమయ్యే దాకా చెప్పింది. అర్థం కానప్పుడు బట్టీ పట్టమంది. అతను బట్టీ పట్టాడు.

పరీక్ష గది చల్లగా ఉంది. రంగు వాసన ఇంకా పోలేదు. ఒక్కొక్కరికి ఒక్కో కంప్యూటర్, ఒక్కటే కుర్చీ. ఆమెకి జీవితంలో అది మొదటి మధ్య కుర్చీ, నాకు రెండోది. పక్కవాళ్ళ తెర కనిపించకుండా అడ్డాలు. నేను ముందు వరసలో, ఆమె నా వెనక ఎక్కడో. గదిలో అమ్మాయిలు మరో ముగ్గురో నలుగురో. పర్యవేక్షించడానికి టై కట్టుకున్న కుర్రాడు ఒకడు తిరుగుతున్నాడు, అతనికి తెలుగు వచ్చినా ఆ గదిలో రాదు. అనుకున్నట్టే తేదీల లెక్క ఇచ్చారు. సమయం ముప్పావుగంట. నేను నాకు తోచినంత కొట్టి, తోచనిది కంప్యూటర్ చదవకుండా వదిలేసే వ్యాఖ్యల రూపంలో చక్కటి ఇంగ్లీషులో రాశాను.

నా వెనక ఏం జరిగిందో అప్పుడు నాకు తెలియదు. ఆమె చెప్పగా తరవాత తెలిసింది.

ఆమె ఎప్పటిలాగే ముందు కాగితం తీసుకుంది. ప్రోగ్రాం రాసింది. గడులు గీసి చేత్తో తిప్పింది. ఒక చోట తప్పు కనిపిస్తే దిద్ది మళ్ళీ తిప్పింది. సరిగ్గా వచ్చింది. ఇక టైపు చేయడమే, అట్ట మీద అలవాటైన వేళ్ళకి అది పది నిమిషాల పని. తలెత్తి చూస్తే తెర నల్లగా ఉంది.

ఎవరూ ముట్టుకోకుండా కాసేపు వదిలేస్తే తెర దానంతటది నల్లబడే ఏర్పాటు ఆ కొత్త కంప్యూటర్లలో ఉంది. మౌస్ కొంచెం కదిపితే మళ్ళీ వెలుగుతుంది. మా ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్లకి ఆ సౌకర్యం లేదు. ఉన్నా తెలిసేది కాదు, వాటిని కాసేపు వదిలేసిన అబ్బాయి లేడు. నల్లటి తెర అంటే మాకు తెలిసిన అర్థం ఒక్కటే. పైన లైట్లు వెలుగుతున్నాయి. పక్కనవాళ్ళు టకటకా కొడుతున్నారు. అంతా మూసాపేటలో ఉన్నట్టే ఉంది. ఆమె బల్లకి కరెంటు పోయింది.

చేతులు తీసేసింది. లేచి కుర్చీ వెనక నిలబడింది.

టై కుర్రాడు చూశాడు. ఇంత తొందరగా పూర్తి చేసిందా అని ముచ్చటపడి ఉంటాడు. అరచెయ్యి చూపించి, ఉండు, వస్తాను అన్నట్టు సైగ చేశాడు. ఆమె తలూపింది. కరెంటు వచ్చేదాకా ఉండమంటున్నాడనుకుంది. ఇద్దరూ ఎంతో మర్యాదగా ఒకరికొకరు అర్థమయ్యారు. ఆమె నిలబడే ఉంది. కుర్రాడు మధ్యలో ఇంకోసారి ఆమె వైపు చూసి చిన్నగా నవ్వాడు కూడా. అంతమంది కూర్చుని తలలు పీక్కుంటుంటే ఒక అమ్మాయి చేతులు కట్టుకుని ప్రశాంతంగా నిలబడి ఉండడం ఎవరికైనా బాగుంటుంది.

సమయం అయిపోయిందన్నారు. కుర్రాడు నేరుగా ఆమె బల్ల దగ్గరికే ముందు వచ్చాడు. మౌస్ మీద చెయ్యి వేశాడు. తెర వెలిగింది. తెల్లగా, ఖాళీగా, మొదటి వరస మొదట్లో గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ.

"మీరు మొదలే పెట్టలేదా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఆమె కాగితం చాపింది. అతను దాన్ని అందుకుని చదివాడట. మొత్తం చదివి, ఇది కరెక్టే అన్నాడట. అని తిరిగి ఇచ్చేశాడు. కాగితాలు తీసుకునే పద్ధతి లేదు, ఇది కంప్యూటర్ పరీక్ష. అన్యాయమని అనడానికి ఏమీ లేదు. ఆ గదిలో ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు. అందరూ నియమాలు పాటించారు, ఆమె అందరికంటే ఎక్కువ పాటించింది.

బయట బండల మీద కూర్చుని ఇదంతా చెప్పింది. ఏడవలేదు. పక్కన ప్రొక్లెయినర్ మట్టి తవ్వుతుంటే దాని చప్పుడు ఆగినప్పుడల్లా కొంచెం కొంచెం చెప్పింది.

"కరెంటు పోయిందనుకున్నా మే. చేతులు తీసేసి నిలబడినా. ఆయప్ప నా తట్టు చూసి ఉండు అని చెయ్యి చూపిచ్చినాడు. వస్తాదిలే అనుకున్నా."

"అడగొచ్చు కదే, కరెంటు పోయిందండీ అని? ఒక్క మాట."

ఆమె నా వైపు చూసింది.

"అడిగినా గదా ఒకసారి" అంది.

ఫలితాలు వారంలో వచ్చాయి. మా బల్ల అబ్బాయికి ప్రోగ్రామర్ ఉద్యోగం వచ్చింది. నాకూ ఒక ఉద్యోగం వచ్చింది, ప్రోగ్రామర్‌గా కాదు. నా వ్యాఖ్యల్లో ఇంగ్లీషు వాళ్ళకి నచ్చింది. వాళ్ళు రాసిన ప్రోగ్రాములు ఎలా వాడాలో వివరించే పుస్తకాలు రాయమన్నారు. అంటే రికార్డే, కాకపోతే ఏసీలో. అబ్బాయి ఇన్‌స్టిట్యూట్‌కి కోవా తెచ్చి పంచాడు. ముందు ఆమెకే ఇచ్చి, "అంతా మీ చలవేనండీ" అన్నాడు. అది నిజం కావడం వల్ల ఎవరూ పట్టించుకోలేదు.

ఆమె కథ మాత్రం పరీక్ష రోజు సాయంత్రానికల్లా ఇన్‌స్టిట్యూట్ అంతా పాకింది. పాఠం చెప్పే సారుకి అది బాగా నచ్చింది. కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ మొదటి రోజే చెప్పేవారట. ఒకమ్మాయి ఉండేదండీ, తెర నల్లబడితే జనగణమన వచ్చినట్టు లేచి నిలబడింది అని. పిల్లలు నవ్వాక, అందుకే మీరు ధైర్యంగా ఉండాలి, ఏ సందేహం ఉన్నా అడగాలి అని ముగించేవారు. ఆ తరవాత ల్యాబు చూసుకునే ఆయన వచ్చి కరెంటు పోతే చేతులు తియ్యాలె అని చెప్పేవాడు. ఈ రెండూ పక్కపక్కనే జరగడం వాళ్ళిద్దరికీ ఎన్నడూ తట్టలేదు. మా తరవాత చేరిన అమ్మాయి ఒకామె నాకు ఈ సంగతి చెప్పి, ఆమె ఎవరో మీకు తెలుసా అని నవ్వుతూ అడిగింది. తెలుసన్నాను.

కడపమ్మాయి మిఠాయి డబ్బా మూత హాస్టల్లోనే వదిలేసి చందానగర్ వెళ్ళిపోయింది. ఆ అట్టని నేను కొన్నాళ్ళు ఉంచాను. దానికి తెర లేదు. అది ఒక్కసారి కూడా నల్లబడలేదు.

కొన్ని నెలలయ్యాక ఒక ఆదివారం ఆమెను చూడటానికి వెళ్ళాను. బొంబాయి రోడ్డు మీద, లారీల దుమ్ములో ఆఫీసు. బయట బోర్డు మీద 'హైటెక్ సిటీకి పది నిమిషాలు' అని ఉంది. ఏ వాహనం మీదో రాయలేదు. లోపల అన్నయ్య బల్ల మీద కొత్త కంప్యూటర్. హైటెక్ సిటీ పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవాడి దగ్గర కంప్యూటర్ లేకపోతే నమ్మరట. దసరాకి పెట్టిన కుంకుమ బొట్లు అలాగే ఉన్నాయి, పైన ప్లాస్టిక్ ముసుగు. కస్టమర్లు వచ్చినప్పుడు ముసుగు తీసి వెలిగిస్తారు. దాని మీద ఎవరూ ఏమీ చేయరు. ఆమె బల్ల మీద ఫోను.

మేము మాట్లాడుకుంటుండగా ఫోను మోగింది. ఆమె ఎత్తి, వింది. సొరుగులోంచి ఒక ప్లాట్ల కరపత్రం తీసి వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో గడులు గీయడం మొదలుపెట్టింది.

"ఆ వరస చదువు. ఊ. దానికి పైది? మొత్తాన్ని సున్నా చేసే వరస యాడ పెట్టినావు?" కాసేపు వింది. "మళ్ళా మళ్ళా తిరిగే వరసల లోపల పెడితే ఎట్లా? తిరిగిన ప్రతిసారీ మళ్ళా సున్నా ఐపోతాది గదా. దాన్ని బయటికి తీసి ముందర పెట్టు. ఇంగ తిరుగుతాది."

మా బల్ల అబ్బాయే. నేను పనిచేసే కంపెనీలోనే, నాకు నాలుగు గదుల అవతల కూర్చుంటాడు. చాలా చురుకైన ప్రోగ్రామర్ అని అందరూ అనుకుంటారు. ఆ మధ్య అతను రాసిన ఒక ప్రోగ్రాంకి పుస్తకం నేనే రాశాను. ఎంత శుభ్రంగా రాశాడో అనుకున్నాను కూడా.

ఆమె ఫోను పెట్టేస్తుండగా అన్నయ్య ఒక కస్టమర్‌ని వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. ఎవరు పాపా అని అడిగాడు.

"ప్లాటు గురించి, అన్నా."

"కొంటాడా?"

"కొనడు. ఊరికే అడుగుతాంటాడు."

"అడిగేవాళ్ళకు ఓపిగ్గా చెప్పల్ల. ఈ పొద్దు అడిగినోడే రేపు కొనేది" అని ఆయన కంప్యూటర్ ముసుగు తీసి స్విచ్చి వేశాడు. కస్టమర్ తెరను గౌరవంగా చూశాడు. లేఅవుటు పటం విప్పారు. పార్కు ఎక్కడొస్తుంది, గుడి ఎక్కడొస్తుంది అని మాటల్లో పడ్డారు. కాసేపటికి వాళ్ళ వెనక తెర నల్లబడింది. కస్టమర్ అటు చూసి, కరెంటు పోయిందా అన్నాడు.

ఈలోగా ఫోను మళ్ళీ మోగింది. ఆమె రిసీవర్ భుజానికి చెవికి మధ్య ఇరికించుకుని, "చెప్పు, ఏ వరస?" అంటూనే కుర్చీలోంచి వంగి, ఒక వేలితో మౌస్‌ని కొంచెం కదిపింది. తెర వెలిగింది. అంతే పని.